సీమ సరుకుకు నాలుగు రేవులు

పాత చిత్తూరు జిల్లా పటంలో ఎంత వెతికినా సముద్రం కనపడదు. కుప్పం నుంచి సత్యవేడు దాకా కొండలు, చెరువులు, చెరకు, మామిడి తోటలు, అంతే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట వైపు మండలాలు తిరుపతి జిల్లాలో కలిశాయి. ఏడుకొండలవాడి జిల్లాకు రాత్రికి రాత్రి బంగాళాఖాతం ఒడ్డు, పులికాట్ సరస్సు, శ్రీహరికోట వచ్చి చేరాయి. జిల్లా గీతలు మారక ముందు కూడా ఇక్కడి సరుకుకు ఓడల కొరత లేదు. ఉత్తరాన కృష్ణపట్నం, దక్షిణాన కాట్టుపల్లి, ఎన్నూరు, చెన్నై. మొత్తం నాలుగు కంటైనర్ గుమ్మాలు. తిరుపతి నుంచి చెన్నైకి ఎంత దూరమో, కృష్ణపట్నానికీ ఇంచుమించు అంతే దూరం, 130, 140 కిలోమీటర్లు. సముద్రం లేని ఊరికి ఇన్ని రేవులు అందుబాటులో ఉండడం ఒక వింతయితే, దూరం ఇంచుమించు సమానమైనా కృష్ణపట్నాన్ని వదిలి లారీలు చెన్నై దారి పట్టడం ఇంకో వింత. ఆ రెండో వింత దగ్గరికి వచ్చే ముందు కొన్ని పాత ముచ్చట్లు, కొన్ని రికార్డులు.

చంద్రగిరి చలవ

చెన్నై రేవు పుట్టుక వెనక తిరుపతి పక్కనున్న చంద్రగిరి ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మద్రాసుకు రాకముందు నేటి దుగరాజపట్నం దగ్గర మకాం వేసింది. 1626 ప్రాంతంలో అక్కడ గిడ్డంగి కట్టి, దానికి కోట గోడ లేపింది. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో ఆ ఊరు ఆర్మగాన్. కోరమండల్ తీరంలో వాళ్లు గోడ కట్టుకుని కూర్చున్న తొలి చోటు అదే. కానీ అక్కడ మంచి బట్ట దొరకలేదు. పులికాట్‌లో తిష్ఠ వేసిన డచ్చివాళ్ల పోటీ ఒకవైపు, గిట్టుబాటు కాని బేరాలు మరోవైపు. అక్కడి కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే కొత్త చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్లి 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడి దగ్గర ఇసుక నేల సంపాదించాడు. ఆ నాయకుడికి పైనున్న ప్రభువు అరవీటి వంశపు పెద వేంకట రాయలు. విజయనగరం పడిపోయాక మిగిలిన రాజ్యాన్ని చంద్రగిరి, వేలూరు కోటల నుంచి ఏలిన వంశం అది. చంద్రగిరి రాజమహల్‌లోనే ఆ ఒప్పందం ఖరారైందని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తిరుమల చూసి చంద్రగిరి మ్యూజియానికి వెళ్లే యాత్రికుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, మన తీరంలో బేరం కుదరకే మద్రాసు పుట్టింది.

అప్పుడు వాళ్లకు దొరికింది రేవు కూడా కాదు, ఉత్త ఇసుక ఒడ్డు. రెండున్నర శతాబ్దాల దాకా సరుకులూ మనుషులూ మసూలా పడవల్లో అలల మీద ఎగిరిపడుతూ ఒడ్డు చేరాల్సిందే. 1881లో అప్పటిదాకా కట్టిన అలల గోడల్ని తుపాను ఊడ్చేస్తే మళ్లీ కట్టారు. అలాంటి చోట 1983లో దేశంలోనే తొలిసారి కంటైనర్ల కోసమే ప్రత్యేక టెర్మినల్ వెలసింది.

ఒక డబ్బా, మూడు కొలతలు

కంటైనర్ పుట్టి డెబ్బై ఏళ్లు. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల యజమాని ఐడియల్ ఎక్స్ అనే పాత ట్యాంకర్ ఓడ మీద 58 ఇనుప పెట్టెల్ని ఎక్కించి నెవార్క్ నుంచి హ్యూస్టన్ పంపాడు. మన దేశంలో తొలి కంటైనర్ దిగింది 1973లో, కొచ్చిలో. అప్పట్నుంచి రేవుల లెక్కంతా ఇరవై అడుగుల పెట్టెతోనే. దాన్నే టీఈయూ అంటారు. నలభై అడుగుల పెట్టె అయితే రెండు టీఈయూలు.

ఆ ఇరవై అడుగుల పెట్టెలో చిత్తూరు సరుకు ఎలా కూర్చుంటుందో చూస్తే ముచ్చటగా ఉంటుంది. మామిడి గుజ్జు సంగతి తీసుకోండి. దేశంలో మామిడి గుజ్జుకు రెండే పెద్ద కేంద్రాలు, ఒకటి చిత్తూరు, రెండోది తమిళనాడులోని కృష్ణగిరి. మే నెలాఖరు నుంచి తోతాపురి కాయ ట్రాక్టర్ల మీద ఫ్యాక్టరీల ముందు బారులు తీరుతుంది. టెంకా తొక్కా తీసి, గుజ్జును ఆవిరి వేడితో శుద్ధి చేసి, గాలి తగలకుండా సంచిలో నింపి, ఆ సంచిని ఇనుప డ్రమ్ములో దించుతారు. డ్రమ్ముకు 215 కిలోల గుజ్జు. ఇరవై అడుగుల పెట్టె నేల మీద వరసకు నాలుగు చొప్పున పది వరసలు, అంటే 40 డ్రమ్ములు. వాటి మీద ప్లైవుడ్ పలకలు పరిచి ఇంకో 40. మొత్తం 80 డ్రమ్ములు, 17.2 టన్నులు. హమాలీ డ్రమ్మును అంచు మీద వంచి దొర్లిస్తూ తెస్తాడు, మూల డ్రమ్ము గోడకు ఆనిందో లేదో కాలితో తన్ని చూస్తాడు. సందు మిగిలితే సముద్రంలో ఓడ ఊగినప్పుడు డ్రమ్ములు కదిలి తలుపు మీద పడతాయి. తలుపు మూశాక బోల్ట్ సీలు పడుతుంది. మళ్లీ దాన్ని కోసేది గల్ఫ్‌లోనో యూరప్‌లోనో జ్యూస్ కంపెనీ గోదాములో.

కిలో గుజ్జుకు ఇంచుమించు రెండు కిలోల కాయ కావాలి. అంటే ఆ ఒక్క పెట్టె వెనక 34 టన్నుల తోతాపురి ఉంది. 2025 సీజన్‌లో ధర పడిపోయి రైతులు రోడ్డెక్కినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలని, మిగతా 4 రూపాయలు తాము వేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ 12 రూపాయల లెక్కన పెట్టెడు గుజ్జుకు తోటలో పలికింది నాలుగు లక్షల చిల్లర. విదేశీ కొనుగోలుదారు వారం ఆలస్యంగా ఆర్డరిచ్చినా, ఓడ ఒక వారం రాకపోయినా గోదాముల్లో డ్రమ్ములు పేరుకుపోతాయి. గోదాము నిండితే ఫ్యాక్టరీ కాయ కొనడం తగ్గిస్తుంది. దామలచెరువు మండీలో ధరకు, ఓడల టైమ్‌టేబుల్‌కు చుట్టరికం ఉందని చెబితే ఆశ్చర్యపోతారు గానీ, ఉంది.

అదే పెట్టెలో ముగ్గురాయి నింపితే కథ వేరు. రైల్వే కోడూరు దాటాక ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిల్వ ఒకే చోట దొరికే వాటిలో ప్రపంచంలోనే పెద్దది, సుమారు 7.4 కోట్ల టన్నులు. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణిచి ఉంచడానికి పోసే బురదలో కలిపేది ఈ పొడినే, ఎందుకంటే ఇది నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. దీన్ని పెట్టెలో పోస్తే మూడో వంతుకు కాస్త అటూ ఇటూ నిండేసరికే మోయగల బరువు అయిపోతుంది. పైన ఉన్నదంతా ఖాళీ. లోడింగ్ సూపర్‌వైజర్లకు ఇదో తలనొప్పి, బరువంతా ఒకే వైపు పడకూడదు, నేల పొడవునా సమంగా సర్దాలి. 2016 జులై 1 నుంచి ప్రపంచమంతటా నింపిన పెట్టె బరువును తూచి రాసివ్వనిదే ఓడెక్కించరు.

ఇక మూడో కొలత జుట్టు. తిరుమల కల్యాణకట్టలో భక్తులిచ్చే తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంది. విగ్గుల పరిశ్రమకు దేశం నుంచి వెళ్లే జుట్టులో దీని పేరు ప్రత్యేకం. జుట్టు మూటలతో పెట్టె కిక్కిరిసినా బరువు పరిమితి దరిదాపులకు కూడా రాదు. ఒకటి చోటు మిగిల్చే సరుకు, ఇంకొకటి బరువు మిగిల్చే సరుకు, రెండూ వంద కిలోమీటర్ల లోపలే.

పెట్టెలో పట్టనివి, పట్టకూడనివి

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైన శ్రీసిటీలో ఇప్పుడు రెండు వందలకు పైగా కంపెనీలున్నాయి. అక్కడి ఆల్‌స్టోమ్ ఫ్యాక్టరీలో తయారైన మెట్రో పెట్టెలు కంటైనర్‌లో పట్టవు. ట్రెయిలర్ల మీద రేవుకు చేరి ఓడెక్కి సిడ్నీ దాకా వెళ్లాయి. 2019 మే 26న ప్రారంభమైన సిడ్నీ మెట్రో ఆస్ట్రేలియాలో డ్రైవర్ లేకుండా నడిచే తొలి మెట్రో, దాని మొదటి దశకు కావలసిన 22 రైళ్లూ సత్యవేడు పక్కనుంచి పోయినవే. కెనడాలోని మాంట్రియల్ నగరానికి మరో 212 పెట్టెలు వెళ్లాయి. మన ఊళ్లో ఎర్రబస్సు కోసం గంట నిలబడే మనిషి కట్టిన రైలు సిడ్నీలో నాలుగైదు నిమిషాలకొకటి నడుస్తోంది!

పట్టకూడనిది ఎర్రచందనం. శేషాచలం, వెలికొండ, పాలకొండ, లంకమల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు ఇది. దొంగలు గ్రానైటు పలకల కింద, వేరే సరుకు వెనక దాచి పెట్టెల్లో పంపడం, రేవు స్కానర్‌లో దుంగల ఆకారం కనపడి పట్టుబడడం మనకు పాత వార్తలే. లారీలో దుంగలు పట్టుకోవాలంటే అడవి చుట్టూ వంద దారులు కాయాలి. రేవులో ఒక్క గేటు చాలు. అందుకే ఈ కేసుల్లో కస్టమ్స్‌వాళ్ల పేరు అటవీశాఖకు దీటుగా వినిపిస్తుంది.

వెలికొండ కడుపులో దారి

ఇక అసలు రికార్డు. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించిన చెర్లోపల్లి–రాపూరు రైలు సొరంగం పొడవు 6.6 కిలోమీటర్లు. ఆనాటికి దేశంలో విద్యుదీకరించిన రైలు సొరంగాల్లో అదే పొడవైనది. కశ్మీర్‌లో 11 కిలోమీటర్ల పీర్ పంజాల్ సొరంగం అప్పటికే ఉన్నా, అందులో కరెంటు తీగ లేదు, డీజిలు బండ్లే. తరువాత కశ్మీర్ మార్గమంతా కరెంటు మీదికి వచ్చి ఈ కిరీటం చేజారింది. అయినా 43 నెలల్లో, వందల కోట్లతో, గుర్రపు లాడం ఆకారంలో వెలికొండను తొలిచిన పని చిన్నదేమీ కాదు. లోపల కంకర పరచలేదు, కాంక్రీటు పలకల మీదే పట్టాలు.

ఎందుకింత ఖర్చు? ఓబులవారిపల్లె నుంచి కృష్ణపట్నం పోవాలంటే అంతకుముందు గూడ్సు బండి రేణిగుంట వచ్చి, గూడూరు తిరిగి, వెంకటాచలం మీదుగా రేవు చేరేది. రేణిగుంట, గూడూరు రెండూ ఎప్పుడూ కిటకిటలాడే జంక్షన్లు. తిరుపతి వెళ్లే ప్రయాణికుల బండికి దారి ఇవ్వడానికి గూడ్సును పక్కన నిలబెట్టక తప్పదు. ఓబులవారిపల్లె–వెంకటాచలం కొత్త లైను ఆ రెండు జంక్షన్లనూ తప్పించి, పది గంటల ప్రయాణాన్ని అయిదు గంటలకు దించింది. కడప, అనంతపురం, బళ్లారి వైపు నుంచి సముద్రానికి ఇంతకన్నా దగ్గరి రైలు దారి తూర్పు తీరంలో లేదనే చెప్పాలి. తిరుపతి వెళ్లే రైళ్ల ప్రయాణికులు కూడా ఈ సొరంగానికి కొంత రుణపడి ఉన్నారు, ఒక్కసారి కూడా అందులోంచి వెళ్లకపోయినా.

లోతుంది, క్రేన్లున్నాయి, మరి డబ్బాలేవీ?

కండలేరు వాగు సముద్రంలో కలిసే చోట కృష్ణపట్నం. 2021 మేలో కరోనా మందు కోసం జనం పోటెత్తిన ఊరు అంటే చాలామందికి వెంటనే గుర్తొస్తుంది. ఆధునిక రేవుగా 2008 జులై 17న ప్రారంభమైంది. నవయుగ సంస్థ కట్టిన ఈ రేవులో 2020లో మూడొంతుల వాటా, 2021లో మిగతాది అదానీ సంస్థ చేతికి వచ్చాయి. అలలకు అడ్డుగోడలు కట్టి, వాగు ముఖాన్ని తవ్వి తీసిన లోతు 18 మీటర్లు. అందుకే లక్షన్నర టన్నులు మోసే బొగ్గు ఓడలు కూడా గట్టుకే వచ్చి ఆగుతాయి. పక్కనే నేలటూరు థర్మల్ కేంద్రానికి బొగ్గు, పంటపాళెం నూనె మిల్లులకు ముడి నూనె ఇక్కడే దిగుతాయి.

2012లో ఇక్కడే కంటైనర్ టెర్మినల్ తెరిచారు. 650 మీటర్ల గట్టు, అయిదు భారీ క్రేన్లు, ఏటా 12 లక్షల టీఈయూల సామర్థ్యం. మన లెక్కలో పెద్దదే. షాంఘై రేవుకు మాత్రం అది తొమ్మిది రోజుల పని, 2024లో అక్కడ తిరిగినవి 5.15 కోట్ల టీఈయూలు. పోలికలు సరే, అసలు చిక్కు వేరు. 2024 జనవరిలో కంటైనర్ ఓడల రాక తగ్గి, టెర్మినల్‌ను మూసేస్తున్నారంటూ నెల్లూరులో దుమారం రేగింది. పార్టీలు ఒకరి మీద ఒకరు వేళ్లు చూపించుకున్నాయి. ఎవరి తప్పెంతో పక్కన పెట్టి, పని ఎలా జరుగుతుందో చూద్దాం.

తిరుపతిలోనో చిత్తూరులోనో ఫ్యాక్టరీ ఉన్నాయన గుజ్జో బ్యాటరీలో పంపాలంటే ముందు కావలసింది ఖాళీ డబ్బా. ఆ డబ్బా ఆయనది కాదు, ఓడ కంపెనీది. అది ఎక్కడ దొరుకుతుంది? దిగుమతి సరుకు దించుకున్న చోట. చెన్నై చుట్టూ కార్ల ఫ్యాక్టరీలు, ఎలక్ట్రానిక్స్ కంపెనీలు విడిభాగాలు దించుకుంటాయి కాబట్టి అక్కడి యార్డుల్లో ఎంప్టీలు గుట్టలుగా ఉంటాయి. కృష్ణపట్నంలో దిగేది బొగ్గు, నూనె, ఎరువులు. అవి డబ్బాల్లో రావు. కాబట్టి కృష్ణపట్నం నుంచి ఎగుమతి చేయాలంటే ఖాళీ డబ్బాను చెన్నై నుంచే తెప్పించుకోవాలి. ట్రెయిలర్ చెన్నై నుంచి ఖాళీగా వచ్చి, చిత్తూరులో లోడెత్తుకుని మళ్లీ చెన్నైకే పోతే రానూ పోనూ ఒకే దారి, ఒకే కిరాయి. అదే లోడును కృష్ణపట్నంలో దించితే డ్రైవరు అక్కణ్ణుంచి చెన్నైకి ఉత్త బండి తోలుకు పోవాలి. కాబట్టి కిరాయి తగ్గదు.

రెండోది ఓడల వరస. చెన్నైలో వారంలో ఒక ఓడ తప్పితే ఇంకోటుంది. వారానికో ఓడ మాత్రమే వచ్చే రేవులో గేటు మూసే వేళకు లారీ అందకపోతే ఏడు రోజులు ఆగాలి, యార్డు అద్దె కట్టాలి. పైగా మన తీరం నుంచి బయలుదేరే పెట్టెల్లో చాలావరకు చిన్న ఫీడర్ ఓడల్లో కొలంబోకో సింగపూర్‌కో వెళ్లి అక్కడ పెద్ద ఓడ మారతాయి. ఓడ మారే భారతీయ సరుకులో నాలుగింట మూడొంతులు విదేశీ రేవుల్లోనే మారుతోందని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. ఈ లోటు తీర్చడానికి కట్టిందే కేరళలోని విళింజం. 2025 జూన్ 9న అక్కడికి వచ్చిన ఎంఎస్‌సీ ఇరినా 24,346 టీఈయూలు మోసే ఓడ, ప్రపంచంలో అతి పెద్ద వాటిలో ఒకటి. కృష్ణపట్నంలో లోతుకు కొదవ లేకపోయినా అంత ఓడ రాదు. ఎత్తుకోవడానికి అన్ని డబ్బాలుంటే కదా!

అలాగని చెన్నై దారి పూలబాట కాదు. నగరం నడుమనున్న రేవు కావడంతో గేటు ముందు ట్రెయిలర్లు కిలోమీటర్ల పొడవున నిలిచిపోయిన రోజులెన్నో. లారీలోనే వంట, లారీ కిందే నిద్ర. ఆ ఒత్తిడికి ఊరి బయట వెలసినవే ఎన్నూరు, కాట్టుపల్లి. ఎన్నూరు రేవుకూ ఓ రికార్డు ఉంది, దేశంలోని ప్రధాన రేవుల్లో కంపెనీగా ఏర్పడిన మొదటిది అదే. శ్రీసిటీవాళ్లకు ఈ రెండూ పెరటి గుమ్మాలు. చిత్తూరు, పలమనేరు వైపు నుంచి బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయితే సరుకు ఇంకా అటే మొగ్గుతుంది.

చట్టంలో ఉండి, నేల మీద లేని రేవు

పోయిన చోటే వెతుక్కోమన్నట్టు, ఇంగ్లీషువాళ్లు వదిలి వెళ్లిన దుగరాజపట్నంలోనే పెద్ద రేవు కడతామని 2014 రాష్ట్ర విభజన చట్టంలో రాశారు. తొలి దశ 2018కల్లా అయిపోవాలి. ఒకవైపు శ్రీహరికోట రాకెట్ కేంద్రం, ఇంకోవైపు పులికాట్ పక్షులు, కాస్త ఎగువన అప్పటికే నడుస్తున్న కృష్ణపట్నం. లాభసాటి కాదని తేల్చి పక్కన పెట్టారు, బదులుగా రామాయపట్నం తెర మీదికి వచ్చింది. పార్లమెంటు చట్టంలో గడువుతో సహా అచ్చయి, ఒక్క ఓడ కూడా చూడని రేవు ఇదొక్కటేనేమో.

రోడ్డుకు రాయి పడింది, ఇక...

2023 జులై 13న కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ తిరుపతిలో మూడు రోడ్లకు శంకుస్థాపన చేశారు. నాయుడుపేట నుంచి తూర్పు కనుపూరు 35 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి చిల్లకూరు మీదుగా కృష్ణపట్నం రేవు దక్షిణ గేటుకు 36, తమ్మినపట్నం వైపు 16, మొత్తం 87 కిలోమీటర్లకు 2,900 కోట్లు. మదనపల్లె, పీలేరు, తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా వచ్చే 71వ నంబరు జాతీయ రహదారి వీటితో నేరుగా రేవు గేటుకు ముడిపడుతుంది. శ్రీకాళహస్తి ఇనుప గొట్టాలకు, కరకంబాడి బ్యాటరీలకు ఇంతకన్నా సూటి దారి లేదు.

2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన కృష్ణపట్నం పారిశ్రామిక నగరం, క్రిస్ సిటీ, ఆ రోడ్డు పక్కనే చిల్లకూరు, కోట మండలాల్లో వస్తోంది. అందులోకి ఎలాంటి ఫ్యాక్టరీలు వస్తాయన్నదే ఇప్పుడు చూడాల్సింది. బొగ్గూ నూనే వాడేవి వస్తే రేవులో టన్నులు పెరుగుతాయి, డబ్బాలు పెరగవు. విడిభాగాలు దిగుమతి చేసుకుని వస్తువు తయారు చేసేవి వస్తే వాటితో ఖాళీ డబ్బాలు మిగులుతాయి, డబ్బాల కోసం ఓడలు వస్తాయి, చిత్తూరు గుజ్జు లారీ గూడూరు వైపు తిరుగుతుంది. స్థలాలు కేటాయించే అధికారులు ఎకరాల లెక్కతో పాటు ఆ కంపెనీ ఏటా ఎన్ని దిగుమతి కంటైనర్లు తెస్తుందో కూడా అడిగి రాసుకుంటే, ఆ అయిదు క్రేన్లకు పని దొరుకుతుంది.